లెవెల్ 3

మా పెద్దమ్మ కూతురు కోస్తాలో ఒక అటానమస్ కాలేజీలో ఎమ్మెస్సీ మాథ్స్ వాళ్ళకి రియల్ ఎనాలిసిస్ చెబుతుంది. రెండేళ్ళ క్రితం, నాక్ టీమ్ రాబోతోందనగా ఒక రాత్రి ఫోన్ చేసి, "ఒరేయ్, ఒక ఎక్సెల్ షీట్ చేసిపెట్టాలి" అంది.

కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థికి ఏమేం చేతనవుతాయో ఐదారు 'కోర్స్ అవుట్‌కమ్స్' రాసుకోవాలి. పరీక్షలో ప్రతి ప్రశ్ననీ ఒక అవుట్‌కమ్‌కి ముడిపెట్టాలి. వాళ్ళ కాలేజీ లెక్కలో, ఆ ప్రశ్నల్లో అరవై శాతం మార్కులు దాటినవాళ్ళు క్లాసులో డెబ్భై శాతం ఉంటే లెవెల్ 3. తగ్గేకొద్దీ 2, 1. వర్క్‌షాపులో 'అర్థం చేసుకుంటారు' అన్న మాట రాయొద్దన్నారట, కొలవలేమని. నిర్వచిస్తారు, నిరూపిస్తారు, ఉదాహరణ ఇస్తారు అని రాయాలట. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

షీట్లో అన్నిటికీ 3 వచ్చింది, నాలుగోదానికి తప్ప. కాంపాక్ట్‌నెస్. దానికి 1.

దాని కింద ఉన్నది ఒకే ప్రశ్న, ఐదు మార్కులది: క్లోజ్డ్, బౌండెడ్ అయి కూడా కాంపాక్ట్ కాని సెట్‌కి ఉదాహరణ ఇవ్వండి. వాస్తవ సంఖ్యల రేఖ మీద అలాంటిది ఉండదు, హైనె-బొరెల్ సిద్ధాంతం చెప్పేది అదే. రేఖ దాటి బయటికొస్తే ఉంటుంది. చాలామంది ఆ ప్రశ్న వదిలేశారు. అదే పేపర్లో హైనె-బొరెల్ నిరూపణ పది మార్కులకి అడిగితే మాత్రం దాదాపు అందరూ పొల్లుపోకుండా రాశారు. అది రెండో అవుట్‌కమ్ కింద ఉంది. నాలుగో దాని కింద పెట్టినా ఎవరూ తప్పనరు.

నేనొక చిన్న లూప్ రాశాను. ఏ ప్రశ్న ఏయే అవుట్‌కమ్స్ కిందికి రావచ్చో ఇస్తే, అన్నీ 3 అయ్యే అమరిక వెతికి పెడుతుంది. పట్టుమని పది నిమిషాల పని. హైనె-బొరెల్ కిందికి దిగింది. పదికి పది, ఐదుకి సున్నా, మొత్తం పదిహేనుకి పది. అరవై దాటింది. లెవెల్ 3.

ఒక్క మార్కు కూడా దిద్దలేదు. మరి అబద్ధమాడానా?

చాలాకాలం నేను చెప్పుకున్న జవాబు, గణితం అర్థమవడాన్ని అసలు కొలవలేం, కొలవలేనిదాని కొలతలో నిజమేంటి, అబద్ధమేంటి అని. మంచి జవాబే, పెద్దల అండ కూడా ఉంది. కేంబ్రిడ్జి ట్రైపాస్ పరీక్షని సంస్కరించడం కాదు, ఎత్తేయాలని 1926లో జి.హెచ్. హార్డీ వాదించాడు. కానీ ఆయన అదే పరీక్షలో 1898లో నాలుగో ర్యాంకు తెచ్చుకున్నవాడు. అలాంటివాడు వద్దనడం వేరు. అక్క క్లాసులో చాలామందికి ఇంగ్లీషులో రెండు వాక్యాలు తడబడకుండా రావు. వైవాలో కూర్చోబెడితే లెక్క కంటే ముందు భాషా, ఊరూ బయటపడతాయి. పేరు లేని ఆన్సర్ షీటే వాళ్ళకి కాస్త న్యాయం. నేనూ ఆ షీట్ల మీదే ఇంతదాకా వచ్చాను.

పైగా ఇక్కడ కొలత పనిచేసింది! అది ఎంత ఆలస్యంగా తట్టిందో చెప్పడానికి సిగ్గేస్తోంది. వీళ్ళకి నిరూపణ వచ్చు, అది దేని గురించో తెలీదు అని ఆ ఫైలు మొత్తంలో చెప్పిన అంకె ఆ 1 ఒక్కటే. నేను పట్టుకుని సరిచేసింది దాన్నే. ఆఫీసులో ఫెయిలయ్యే టెస్టుని డిలీట్ చేసి బిల్డ్ పచ్చగా చేసేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అక్కని తప్పుపట్టలేను. ఆ 1 అలాగే పంపితే పిల్లలకి ఏం రాలేదో ఎవరూ అడగరు, ఈవిడకి చెప్పడం రాదంటారు. "ఇదివరకు అసలు పిల్లలకి ఏమొచ్చని అడిగే దిక్కే లేదురా, ఇప్పుడు కనీసం కాగితం మీద అడుగుతున్నారు" అని ఆ పద్ధతిని వెనకేసుకొచ్చింది కూడా తనే.

మొన్న సంక్రాంతికి కలిసినప్పుడు, ఆ ఐదు మార్కుల ప్రశ్న ఏమైందని అడిగాను. పేపర్లోంచి తీసేసిందట. క్లాసులో, మార్కుల్లేకుండా, బోర్డు దగ్గరికి పిలిచి అడుగుతోందట. ఈసారి ఒకమ్మాయి చాక్‌పీసు పట్టుకుని చాలాసేపు నిలబడి, "అంతులేనన్ని బిందువులు మేడమ్, ఏ రెండు వేర్వేరు బిందువుల మధ్యయినా దూరం 1 అనుకుంటే?" అందట తెలుగులోనే. అది చెబుతున్నప్పుడు అక్క మొహం చూడాలి.

నా లూప్‌ని ఇప్పుడు ఫిజిక్స్ వాళ్ళు కూడా వాడుకుంటున్నారని ఆ తర్వాత చెప్పింది.