పిల్లగాలి చాలిన చోటు

కళ్ళంలో తూర్పారబడుతుంటే తాలు ఎగిరిపోవడం చూశాడు మనవడు. గట్టిగింజ కాళ్ళ దగ్గరే పడుతోంది, తాలు ఎక్కడికో పోతోంది.

"ఇంత పని గాలే చేస్తుంటే రోకలెందుకు మామ్మా? ఊకని కూడా అదే పట్టుకుపోతుంది."

మామ్మ మాట్లాడకుండా చేట చేతికిచ్చింది.

వాడు అరుగెక్కి వడ్లు జారవిడిచాడు. వడ్లు వడ్లుగానే పడ్డాయి. బండెక్కి పోశాడు, అంతే. సాయంత్రం ఈదురుగాలి లేచింది. ఈసారి కదిలాయిగానీ, గింజా ఊకా కలిసే పోయి కోళ్ళ ముందు పడ్డాయి.

"గింజ ఊకని వదలందే గాలేం చేస్తుందిరా?" అంటూ మామ్మ రెండు శేర్లు రోట్లో పోసి దంచింది. తవుడు వాసన వెచ్చగా లేచింది. చేటలోకి తీసి చెరిగేసరికి ఊక అటు, బియ్యం ఇటు. అప్పుడు వీస్తున్నది పిల్లగాలే.

నీతి: కట్టు తెంచే పని వేరు, తెగినవాటిని దూరం చేసే పని వేరు.

సేంద్రియ సౌరఘటంలో ఆ వడ్లగింజ పేరు ఎక్సిటాన్. వెలుగు పడగానే పుట్టే ఎలక్ట్రాన్, అది ఖాళీ చేసిన రంధ్రం అంటిపెట్టుకునే ఉంటాయి. సిలికాన్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం 12 దాకా ఉంటుంది కాబట్టి అక్కడ ఆకర్షణ పలచబడి, గది వేడికే జంట విడిపోతుంది. సేంద్రియ పదార్థాల్లో అది 3, 4 మాత్రమే. బంధం సుమారు 0.3 నుంచి 0.5 ఎలక్ట్రాన్ వోల్టులు. గది వేడి ఇచ్చేది 0.025. పోనీ విద్యుత్ క్షేత్రం? 100 నానోమీటర్ల పొరకు 1 వోల్టు పెడితే, జంట మధ్యనున్న 1 నానోమీటరుకు దక్కేది 0.01 వోల్టు. పదుల రెట్లు పెంచితే క్షేత్రమొక్కటే చీల్చగలదు, నిజమే. అది ఈదురుగాలి, పొరే పాడయ్యే ప్రమాదం.

రోలు ఎలా ఉండాలో 1986లో చింగ్ టాంగ్ చూపించాడు. ఎలక్ట్రాన్‌ను ఇచ్చే పదార్థం ఒకటి, లాక్కునేది ఇంకొకటి, రెండు పొరలుగా పరిచాడు. సరిహద్దుకు చేరిన ఎక్సిటాన్‌లో ఎలక్ట్రాన్ అవతలికి దూకుతుంది, రంధ్రం ఇవతలే ఉండిపోతుంది. ఘటం సామర్థ్యం 1 శాతం దగ్గర. ఎక్సిటాన్ పది నానోమీటర్లు నడిచేలోపే సరిహద్దు దొరకాలి మరి, లేకపోతే ఆరిపోతుంది.

ఒక్కచోట నా కథ కుంటుతుంది. దంచిన ఊక మళ్ళీ గింజకు అంటుకోదు. సరిహద్దుకు అటూ ఇటూ నిలిచిన ఈ రెండూ మాత్రం ఇంకా ఒకదాన్నొకటి లాగుతూనే ఉంటాయి, చేట ఆగితే కలిసిపోతాయి కూడా. క్షేత్రం అక్కరకొచ్చేది అక్కడే. అలాంటి జంట తప్పించుకునే అవకాశం క్షేత్రంతో పాటు ఎంత పెరుగుతుందో లార్స్ ఆన్‌సాగర్ 1938లోనే లెక్కగట్టాడు.