ఒడిలోని చాట, గర్భమందలి బిడ్డ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వీధులలో మధ్యాహ్నవేళ నడచువారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. అరుగుమీద నలుగురు స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారము కట్టుచుందురు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆ నలుగురిలో ఒకతె నిండు చూలాలై యుండుటయు వింత కాదు. చాటకును బిడ్డకును నడుమ జానెడు దూరమైనను లేదు. ఈ నెల ఆ బిడ్డను గూర్చి ఆలోచింతము.

తల్లి గర్భమందు తాను నిర్మింపబడిన విధమును తలంచి 139వ కీర్తనకారుడు ఆశ్చర్యపడెను. నేటి శాస్త్రము ఆ ఆశ్చర్యమును తగ్గింపలేదు. నరములు రసాయనముల ద్వారా వార్త పంపునని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలపై చేసిన ప్రయోగముచేత చూపెను. ఆ వార్తాహరుని పేరు అసిటైల్‌కోలిన్. ఇట్టి వార్తాహరులు నరములతోనే గాక, రోగములతో పోరాడు కణములతోను మాటలాడునని తరువాత తెలిసినది. ఆ కణములకు శిక్షణ నిచ్చు థైమస్ గ్రంథి గర్భము తొలి మూడు నెలలలోనే ఏర్పడనారంభించును. అందలి కణములపై అసిటైల్‌కోలిన్‌ను అందుకొను ద్వారములున్నవి. ఎలుక పిండములలో రక్తమునకు మూలమైన కణములు పుట్టుటకే నరముల రసాయనములు తోడ్పడునని 2012లో ప్రచురింపబడిన పరిశోధన తెలిపెను.

తంబాకులోని నికోటిన్ అసిటైల్‌కోలిన్ వేషము వేసికొని అవే ద్వారములను తట్టును. పొగ త్రాగని స్త్రీకిని ధూళి వలనను, చేతి చర్మము వలనను అది రక్తములో చేరును. మావిని దాటి బిడ్డను చేరును.

అయితే తప్పెవరిది? పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులును ఎవరి పాపమని అడిగిరి. ప్రభువు ఆ లెక్కను ఒప్పుకొనక, చేయవలసిన పనివైపు వారిని త్రిప్పెనని యోహాను సువార్త 9వ అధ్యాయము చెప్పుచున్నది. మనమును ఆ శిష్యుల వంటివారమే. బిడ్డ మాటిమాటికి జ్వరపడినచో తల్లినే నిందింతుము. ఒక బిడ్డ జబ్బునకు ఇదే కారణమని వ్రేలు పెట్టి చూపుట ఎవరి తరము? మరమగ్గము ఆగిన ఇంట, గల్ఫ్ నుండి డబ్బు రాని ఇంట, ఆమె బీడీలే పొయ్యి వెలిగించుచున్నవి. బియ్యము తెచ్చిన చేతులనే దోషులుగా నిలబెట్టుట న్యాయమా?

అట్లని ఆమెకు చెప్పకుండుటయు ప్రేమ కాదు. చెప్పవలెను, చెప్పిన నోటితోపాటు చేయియు కదలవలెను. పని మానుమని చెప్పి, ఆ కూలి ఎక్కడనుండి వచ్చునో చెప్పనివాడు ఊరకుండుటయే మేలు. తంబాకు మూటను పడుకొను గదిలో నుంచరాదు. గాలి వచ్చుచోట కూర్చుండవలెను. చేతులు కడిగిన పిమ్మటనే అన్నము ముట్టవలెను. ఇవి చిన్న సంగతులు. పెద్ద సంగతి ఏదనగా, ఆ తొమ్మిది నెలలు ఆమె పనిని భర్తయు అత్తయు పంచుకొనుట, తగ్గిన కూలిలో కొంతయైనను సంఘమందు కలిగినవారు భరించుట.

బిడ్డ పుట్టిన పిమ్మట పాటలు పాడుటకు ఆ ఇంటికి అందరమును వెళ్లుదుము. అంతకుముందు ఒక్క దినమైనను ఆ అరుగెక్కి, ఆమె ఒడిలోని చాటను దించితిమా?