ఎలుకకు పెట్టిన విషము

"మేము ఎలుకకు పెట్టితిమి, కుక్క తినునని కలగంటిమా?" పెంపుడు కుక్కను పోగొట్టుకొన్న ఇండ్లలో వినవచ్చు మాట ఇది. సదాచారమును వ్రతముగా గైకొన్న మనకు ఈ మాట చెల్లునా?

దాసోహపు ధాన్యమును ఎలుకలకు విడువుడని నేననను. కాయకముతో పండిన గింజను కాపాడుకొనుట తప్పు కాదు. కాని విషమునకు మన సంకల్పము తెలియదు. జింకు ఫాస్ఫైడు అను నల్లని పొడిని పిండిలో కలిపి మూలల నుంచెదరు. అది కడుపులోని ఆమ్లముతో కలిసి ఫాస్ఫీను అను విషవాయువగును. ఎలుకకైనను కుక్కకైనను ఒక్కటే. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. జాలిపడి అన్నము పెట్టినచో ఆమ్లము పెరిగి వాయువు మరింత పుట్టును.

బ్రోమాడియోలోను బిళ్లల తీరు వేరు. అవి విటమిన్ కె పనిని అడ్డగించి రక్తము గడ్డకట్టనీయవు. తిన్న కుక్క రెండు మూడు దినములు మామూలుగనే తిరుగును. పిమ్మట నీరసించును, చిగుళ్లు పాలిపోవును, ముక్కున రక్తము రావచ్చును. అప్పటికి ఇంటివారు బిళ్ల సంగతి మరచి ఏదో జబ్బనుకొందురు. విటమిన్ కె1 సకాలమున మొదలిడి వారముల తరబడి ఇచ్చినచో బ్రతికించవచ్చును. కనుక అనుమానము కలిగినంతనే, లక్షణములకై వేచియుండక, మందు పొట్లముతో సహా పశువైద్యుని యొద్దకు పోవలెను. విషము తిన్న ఎలుకను తినిన కుక్కకును ముప్పు తప్పదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున శివభక్తుని కుక్క వేదము పలికిన కథ కలదు. ఆ కథకు పురాణకాలక్షేపమున తలయూపుదుము. మన వాకిటి కుక్క వేదము పలుకదు. మన పెరటిలో దొరికిన ముద్ద తినదగినదే యని నమ్మును, అంతే. ఆ నమ్మకమును నేర్పినది మన చేయియే. ప్రతిదినము మిగిలిన అన్నము పెట్టిన అరుగు క్రిందనే ఒక రాత్రి విషపు ఉండ నుంచి, ఎరుగక చేసితిమనుట ఎట్లు? ఎరుగకపోవుట వేరు, ఎరుగ యత్నింపకపోవుట వేరు. ఇష్టలింగము నిలుపుకొను అరచేతితోనే కదా ఆ ఉండను చుట్టితిమి!

మూతగల రేకుడబ్బాలు, కన్నములకు సిమెంటు, ఎలుకబోనులు మన యిండ్లకు కొత్తవి కావు. విషము తప్పదన్నవారు ఇంటి కుక్కను కట్టివేయవచ్చును. చచ్చిన ఎలుకలను వెదకి లోతుగా పూడ్చవచ్చును. మఠపు వంటశాల చుట్టు తిరుగు వీధికుక్కలను కట్టువారెవరు? అందుచేత అచ్చట బోనులే మేలని నా అభిప్రాయము. బోనున పడిన ఎలుకను ఏమి చేయవలెనని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే, దానిని పెద్దలు చర్చింతురు గాక.