లాభము – ఐదు పాళ్లు

ధాన్యము కొలుచునపుడు మన రైతులు మొదటి కుంచమును 'ఒకటి' అని లెక్కింపరు. 'లాభము' అని పలికి, పిమ్మట 'రెండు' అని సాగింతురు. ఆ పలుకులో దురాశ లేదు. పంట చేతికి వచ్చినదను సంతోషము, అది భగవదనుగ్రహమను స్మరణ కలవు. అయితే పూర్వము ఆ రాశి యంతయు రైతు గాదెకు చేరెడిది కాదు. వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, దేవునికి, యాచకునికి పాళ్లు తీసిన పిమ్మటనే మిగిలినది ఇల్లు చేరెడిది. అందరి పాళ్లు తీరగా మిగిలినదే లాభమని ఆ కళ్లము నేర్పిన పాఠము.

శ్రీమద్భాగవత అష్టమస్కంధమున, వామనుడు మూడడుగుల నేల యాచించిన ఘట్టమున, శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ధననీతిని బోధించెను. సంపదను ధర్మమునకు, కీర్తికి, తిరిగి ధనార్జనకు, స్వీయానుభవమునకు, స్వజనులకు ఐదు పాళ్లుగా పంచువాడు ఇహపరములందు సుఖించునని దాని సారము. ఆచార్యుడు ఈ మాటను దానము మాన్పించుటకే చెప్పినను, నీతి మాత్రము సర్వకాలములకు గ్రాహ్యము. స్వీయానుభవమునకు అందు దక్కినది ఒక్క పాలు మాత్రమే.

ఈ నీతి మనుష్యునికి చెప్పినది. మరి కంపెనీ మాటేమి? చట్టము దృష్టిలో కంపెనీయు ఒక వ్యక్తియే. అది ఆస్తి సంపాదించును, దావా వేయును, అప్పు చేయును. కాని దానికి ఆకలి లేదు, కావున తృప్తియు లేదు. పాపభీతి లేదు, పరలోకచింత లేదు. కడుపు లేనివానికి 'ఇక చాలు' అని ఎవరు చెప్పవలెను? ఆ మాట చెప్పుటకే చట్టము అవసరమైనది. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షన్, నిర్ణీత స్థాయిని మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో కనీసము 2 శాతము సమాజహితమునకు వెచ్చింపవలెనని విధించినది. 2015లో గనుల చట్టమునకు జరిగిన సవరణ, గనులవలన నష్టపడిన ప్రాంతముల మేలునకై జిల్లా ఖనిజ నిధులను నెలకొల్పినది. ఇవి ధర్మభాగములు.

స్వజనభాగము మాటకు వచ్చినచో, దూరము పోనక్కరలేదు. ధర్మపురి లక్ష్మీనరసింహుని సన్నిధిని దాటి పారు గోదావరికి దిగువన, ఒక గట్టున పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు చెందిన శ్రీరాంపూర్, మందమర్రి, వేరొక గట్టున పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన గోదావరిఖని సింగరేణి బొగ్గు గనులకు నెలవులు. 1920లో ఏర్పడిన ఈ కంపెనీలో నేడు 51 శాతము వాటా తెలంగాణ ప్రభుత్వమునకు, 49 శాతము కేంద్రమునకు కలదు. 1990ల దశకమున నష్టములలో మునిగిన ఈ సంస్థ తిరిగి కోలుకొన్న పిమ్మట, లాభములో కార్మికులకు పాలు పంచు ఆచారము మొదలైనది.

2023–24 సంవత్సరమున సంస్థ లాభము 4,701 కోట్ల రూపాయలు. అందులో 2,289 కోట్లు విస్తరణకై తీసి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతము, అనగా 796 కోట్లు, కార్మికులకు ప్రకటించిరి. విస్తరణ సొమ్మును ముందుగా తీసివేయుట న్యాయమా అని కార్మిక సంఘములు ప్రశ్నించినవి. శుక్రనీతిలో ధనార్జనకును ఒక పాలు కలదు. రేపటి గని లేనిదే రేపటి కూలి లేదు. కాని ఏ పాలు ముందు తీయవలెను, ఎంత తీయవలెను అనునది గోప్యముగా గాక, పాలు పొందువారి యెదుట తేలవలసిన విషయము.

అంతకంటె పెద్ద ప్రశ్న మరియొకటి కలదు. స్వజనులెవ్వరు? ఆ 2024లోనే తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులకు తలకు 5,000 రూపాయలు ప్రకటించిరి. స్థిరకార్మికుల పాలితో పోల్చిన నిది స్వల్పము. అయినను కళ్లము అంచున నిలిచినవానిని గుర్తించుట ఒక మేలి ప్రారంభము. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది ప్రాణములు కోల్పోయిరి. గనిలో దిగినవాడు సాయంకాలము ఇల్లు చేరుటయే అతని మొదటి పాలు. ఆ పాలు తీరకుండ వ్రాసిన లెక్కలో లాభమను మాటకు అర్థము లేదు.

చట్టము కొలపాత్రను మాత్రమే ఈయగలదు. కొలుచు చేయి మనుష్యునిది. కంపెనీకి పాపభీతి లేకున్నను, దాని పక్షమున సంతకము చేయువారికి కలదు, ఉండవలెను. రెండు శాతమని చట్టము చెప్పినచోట రెండుతో చేతులు దులుపుకొనక, బొగ్గు ధూళి పడిన వాకిళ్లను, భూమి కోల్పోయిన పల్లెలను, గనిలో భర్తను పోగొట్టుకొన్న యిల్లాలిని తలచి కొలుచువాడే ధర్మజ్ఞుడు. మొదటి కుంచమును 'లాభము' అని పలుకునపుడు ఆ లాభము ఎవరెవరిదో కూడ స్మరించు బుద్ధిని ధర్మపురి నరసింహస్వామి అందరికి ప్రసాదించుగాక!