విడిచిపెట్టిన పేర్లు



గత వేసవిలో నా కంటికి శుక్లం తీశారు. కొన్నాళ్లు పుస్తకం ముట్టవద్దన్నారు డాక్టరుగారు. చదవనిదే అన్నం సహించని మనిషిని. నా అవస్థ చూసి మా తమ్ముని కొడుకు, నవలను ఇంగ్లీషులో చదివి వినిపించే ఏర్పాటు సెల్‌ఫోనులో చేసిపెట్టాడు. జర్మను రచయిత థామస్ మన్ 1901లో ప్రచురించిన 'బుడెన్‌బ్రూక్స్' అది. ల్యూబెక్ పట్టణంలోని ధాన్యపు వర్తకుల ఇంట నాలుగు తరాల కథ.

పుస్తకమైతే పేజీలు దాటేసేవాణ్ణి. ఫోనులో దాటించే మీటలేవో నాకు చేతకాదు. మొదట్లో వచ్చే పెద్ద విందును వంటకం వంటకంగా విన్నాను. యోహాను అనే పేరే తాతకూ కొడుకుకూ మునిమనవడికీ ఉంటుంది. ఎవరెవరో తెలియాలంటే చెవి ఒగ్గి కూర్చోవలసిందే.

ఆ ఇంట్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసుకునే పాత పుస్తకం ఒకటుంది. చిన్నవాడు హానో ఒకనాడు తన పేరు కింద రూళ్లకర్ర పెట్టి రెండు గీతలు గీస్తాడు. తండ్రి గద్దిస్తే, తన తరువాత ఇంకేమీ ఉండదనుకున్నానంటాడు. తరువాత ఆ పిల్లవాడు టైఫాయిడ్‌తో పోతాడు. వంశం అక్కడితో సరి.

అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా తప్పొకటి గుర్తుకొచ్చింది. క్రిస్మస్ జాగరణ పూజలో మత్తయి సువార్తలోని వంశావళిని విడిచి, 18వ వచనం నుండి చదవడానికి తిరుసభ అనుమతి ఉంది. ఏటా అలాగే చదివేవాణ్ణి. ఒకసారి పూజ అయ్యాక మా విచారణలోని ఒక ముసలమ్మ అడిగింది.

"ఆ పేర్లు చదవలేదేం ఫాదర్?"

"ఆ పేర్లు ఎవరికి తెలుసమ్మా? పిల్లలు నిద్రపోతారు."

"ఆత్మల పండుగనాడు మా ఆయన పేరు చదువుతారు గదా. అది మాత్రం ఎవరికి తెలుసు ఫాదర్?"

నవ్వి ఊరుకున్నాను. సెమినరీలో తత్వశాస్త్రం చదివినవాణ్ణి, జవాబు తోచలేదు.

అజోరు, ఎలియూదు ఎవరో మనకు తెలియదు. తామారు, రాహాబు, ఊరియా భార్య కథలైతే పరువు గల ఇంట్లో దాచిపెట్టేవే. బబులోను చెర దగ్గర దావీదు వంశం కింద ఎవరైనా రెండు గీతలు గీసేవారే. మత్తయి గీయలేదు. రాజ్యం పోయినవారినీ, ఊరూ పేరూ తెలియనివారినీ ఒక్కొక్కరినే పిలుస్తూ యోసేపు దాకా వచ్చాడు.

ఈ జాగరణ పూజలో ఆ పదిహేడు వచనాలూ చదువుతాను. పిల్లలు నిద్రపోతే పోనివ్వండి. అడిగిన అమ్మ మాత్రం వినడానికి లేదు. మొన్న నవంబరులో ఆత్మల జాబితాలో, భర్త పేరు పక్కనే ఆమె పేరూ చదివాను.