ముడుచుకోని కర్ర

కోనసీమలో, అంబాజీపేట దగ్గరి ఒక పల్లెలో ఒక మామగారు ఉండేవారు. ఆయనకు ఇద్దరు అల్లుళ్ళు. ఇద్దరివీ హైదరాబాదులో ఉద్యోగాలే. ఏటా సంక్రాంతికి భార్యాపిల్లలతో దిగుతారు, అరిసెలూ పూతరేకులూ తింటారు, మూడో రోజుకల్లా ఏం తోచక అరుగు మీద కూర్చుని ఫోన్లు నొక్కుకుంటారు. అది చూడలేక మామగారు ఒక ఏడు ముందుగానే ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, కాలవలో దాళ్వా నీళ్ళు నిండుగా పారుతున్నాయి. చేపలూ బాగానే తగులుతున్నాయి. ఈసారి గాలాలు తెచ్చుకోండి, పొద్దుపోతుంది. చేపల చెరువుల జోలికి మాత్రం వెళ్ళకూడదు, వాటికి పాటదార్లు ఉన్నారు. కాలవ గట్టు మీద ఎంతసేపు కూర్చున్నా అడిగేవాడు లేడు."

ఇంట్లో వెదురు గాలం లేకపోలేదు. పట్నం అల్లుళ్ళకు అది ఆనదు. పండగ రద్దీలో రైలెక్కేవాడికి పొడుగు కర్ర కుదరదు గనుక, ముక్కలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయే టెలిస్కోపిక్ రాడ్డే మేలనుకుని తోడల్లుళ్ళిద్దరూ కలిసి ఒకే దుకాణానికి వెళ్ళారు.

పెద్దల్లుడు గుమ్మంలోనే అడిగాడు, "అన్నిటికన్నా చిన్నగా ముడుచుకునేది ఏదండీ?"

దుకాణదారు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఏడు ముక్కలది. ముడిస్తే 38 సెంటీమీటర్లు, విప్పితే 2.1 మీటర్లు. నల్లగా నిగనిగలాడుతోంది, పక్కన 'కార్బన్' అని వెండి అక్షరాలు. పెద్దల్లుడు తన లాప్‌టాప్ సంచి జిప్పు తీసి అందులో పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా పట్టింది.

"ఒకసారి విప్పి చూస్తారా సార్?"

"విప్పడానికేముంది, ఊళ్ళో విప్పుకుంటాను" అని పద్దెనిమిది వందలు చెల్లించి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చిన్నల్లుడికి గంట పట్టింది. "మాది పారే కాలవండీ. సీసం కనీసం ఇరవై గ్రాములన్నా ఉండాలి, లేకపోతే గాలం కొట్టుకుపోతుంది" అని మొదలుపెట్టాడు. దుకాణదారుకు హుషారు వచ్చింది. కర్ర మొదట్లో సన్నటి అక్షరాలతో ఉన్న అంకెలు చూపించాడు. '5–15 గ్రా' అంటే ఎరా, బెండూ, సీసమూ అన్నీ కలిపి ఆ బరువు లోపే విసరాలి. పారే నీళ్ళకు '10–30 గ్రా' ఉన్నది తీసుకోవాలి. కార్బన్ తేలిక, కానీ దెబ్బకు ఓర్చుకోదు. ఫైబర్‌గ్లాస్ చేతికి బరువు, కానీ మొరటుతనం భరిస్తుంది. కొత్తవాడికి, ప్రయాణాల్లో సామాను కింద నలిగే కర్రకు, ఫైబర్‌గ్లాస్ తప్పేం కాదు.

తరవాత ఒక కర్రను మెల్లగా విప్పి అతుకు చూపించాడు. ఒక్కో ముక్క అడుగున కొంచెం లావు, మూతి దగ్గర కొంచెం సన్నం. లోపలి ముక్క అడుగుభాగం బయటి ముక్క మూతి దాకా వచ్చి అక్కడ బిగుసుకుంటుంది. మర లేదు, మేకు లేదు. ఆ రాపిడే దాని పట్టు. "నెమ్మదిగా లాగితే చాలినంత పట్టుకుంటుంది సార్. విదిలిస్తే సీలలా దిగబడిపోతుంది, ఇంక రాదు" అన్నాడు.

చిన్నల్లుడు విప్పిన కర్రను అడ్డంగా పట్టుకుని చిన్నగా ఊపాడు. అతుకుల దగ్గర టకటకమని చప్పుడు వస్తుందేమోనని చెవి పెట్టాడు. దారం వెళ్ళే రింగుల్లో దూది పుల్ల తిప్పి చూశాడు. ఎక్కడైనా పగులు ఉంటే దూది పట్టుకుంటుంది, అదే పగులు రేపు దారాన్నీ కోస్తుంది. కొసను అరచేత్తో ఆనించి, వంపు ఒకేచోట విరుచుకోకుండా కొసనుంచి నడుము దాకా జారుతోందో లేదో గమనించాడు. అడుగున మూత చిల్లర పైసాతో తిప్పితే ఊడుతుందో లేదో కూడా అడిగాడు. చివరికి ఐదు ముక్కలది తీసుకున్నాడు. విప్పితే 2.4 మీటర్లు, ముడిస్తే 60 సెంటీమీటర్లు.

"రెండడుగులా! దీన్ని ఎక్కడ పెట్టుకుంటావు తమ్ముడూ?" అని నవ్వాడు పెద్దల్లుడు.

"ఎక్కడో అక్కడ కట్టుకుంటాలెండి అన్నయ్యా."

రైల్లో ఆ రెండడుగుల కర్ర సంచి పక్కన తాడుతో వేలాడింది. వచ్చేపోయేవాళ్ళ మోచేతులకు తగిలింది. పెద్దల్లుడు తన లాప్‌టాప్ సంచిని తలకింద పెట్టుకుని, రాజమండ్రి వచ్చేదాకా ఆ మాట ఎత్తుతూనే ఉన్నాడు.

కనుమ నాడు తెల్లవారుజామున మంచు ఇంకా విడవలేదు. మామగారు వెదురు గాలంతో ముందు నడిచారు, పాలేరు కుర్రాడు వానపాముల డబ్బా పట్టుకున్నాడు.

గట్టు మీద పెద్దల్లుడు తన కర్రను పిడి దగ్గర పట్టుకుని గాల్లోకి ఒక్క విదిలింపు విదిలించాడు. సర్రుమని ఏడు ముక్కలూ ఒక్కసారిగా బయటికొచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. రింగులు మాత్రం ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు తిరిగి ఉన్నాయి. సర్దుదామని తిప్పితే ముక్కలు కదల్లేదు. ఆయన అలాగే దారం ఎక్కించాడు. దారం ఒక రింగు నుంచి ఇంకో రింగుకు వెళ్ళడానికి కర్రను ఒరుసుకుంటూ చుట్టు తిరిగింది.

చిన్నల్లుడు కూర్చుని మొదలుపెట్టాడు. అన్నిటికన్నా సన్నటి కొస ముక్క ముందు లాగాడు, దాని తరవాత రెండోది, ఆపైన మూడోది. ప్రతి అతుకు దగ్గరా రింగు వరసలో ఉందో లేదో ఒంటి కన్నుతో చూసి, వేళ్ళతో కొద్దిగా తిప్పి బిగించాడు. ఆయన గాలం నీళ్ళలో పడేసరికి పెద్దల్లుడు రెండుసార్లు ఎర మార్చేశాడు.

ఆ పూట అదృష్టం పెద్దల్లుడిదే. చిన్నల్లుడికి నాలుగు జెల్లలు పడ్డాయి. పెద్దల్లుడి బెండు ఒక్కసారిగా మునిగింది. లాగితే బరువు తెలిసింది. అలిసిపోయేదాకా ఆడించి ఒడ్డుకు తెచ్చుకోవాల్సిన చేపను ఆయన కర్రతోనే పైకెత్తబోయాడు. కర్ర నిలువుగా లేచింది, కొస వెనక్కి మడతపడింది. ఆ బలానికి అతుకులు కిర్రుమని ఇంకాస్త బిగుసుకున్నాయి. "అల్లుడుగారూ, కర్ర దించండి, దించండి!" అని మామగారు కేకేశారు. పాలేరు కుర్రాడు మొలలోతు నీళ్ళలోకి దూకి చేపను రెండు చేతులా వాటేసుకున్నాడు. శీలావతి! రెండు కేజీలకు తక్కువ ఉండదు.

ఇంకేముంది, ఆ కనుమకు నాటుకోడినీ గారెలనూ వెనక్కి నెట్టి చేపల పులుసే పెద్దదైంది. అత్తగారు నడుముముక్క పెద్దల్లుడి విస్తట్లో వేశారు. ఆయన ఆ తడి కర్రను, గట్టు మీది ఇసుక అంటుకున్నది అంటుకున్నట్టే, అందరికీ కనబడేలా పశువుల పాక గోడకు ఆనించి, మధ్యాహ్నం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళి అక్కడ కనబడ్డ ప్రతి చుట్టానికీ చేప సంగతి చెప్పాడు.

చిన్నల్లుడు మాత్రం గట్టు దిగకముందే గుడ్డతో తుడుచుకుంటూ లావు ముక్క నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తిన్నగా లోపలికి నెట్టాడు. ఇంటికొచ్చాక అడుగు మూత విప్పి, ముక్కలు బయటికి తీసి, చెంబెడు మంచినీళ్ళు పోసి కడిగి నీడన ఆరబెట్టాడు. ఆయన్ని ఎవరూ చూడలేదు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. తిరుగు ప్రయాణం ముక్కనుమ రాత్రి రైలుకు. ఆ మధ్యాహ్నం పెద్దల్లుడు కర్ర ముడవబోతే కింది ముక్కలు రెండు లోపలికి పోయాయి. మిగతావి కదల్లేదు. అతుకుల్లో ఇసుక ఎండి కూర్చుంది. మెలితిప్పాడు, రాలేదు. కొబ్బరినూనె రాశాడు, చేతులు జారాయి.

"అన్నయ్యా, పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు తెస్తాను. అతుక్కి అటూ ఇటూ చుట్టి, చెరో పక్కా పట్టుకుని, తిప్పకుండా తిన్నగా నెడదాం. రాకపోతే మూత విప్పి, కర్రను నిలబెట్టి అడుగును చెక్క మీద మెల్లగా తడదాం" అన్నాడు చిన్నల్లుడు.

"రెండు కేజీల చేప పట్టినవాడికి కర్ర ముడవడం రాదంటావా?" అని పెద్దల్లుడు పాకలోంచి కటింగ్ ప్లయర్ తెచ్చాడు. అతుకు దగ్గర బిగించి తిప్పాడు. టక్కుమంది. గొట్టం నిలువునా పగిలి, పగులు లోపలి ముక్కను కరిచిపట్టుకుంది. ఇక అది ఏ ట్యూబుకూ లొంగదు.

మిగిలింది ఐదడుగుల కర్ర.

"వదిలేసి వెళ్ళండి అల్లుడుగారూ, టమాటా మొక్కకు ఊతం పెడతాను" అన్నారు మామగారు. పద్దెనిమిది వందలు పోసినవాడికి ఆ మాట నచ్చలేదు. కర్ర పట్టుకునే బస్సెక్కాడు. రావులపాలెంలో బస్సు మారేటప్పుడు ఎవరో అననే అన్నారు: "ఏమండీ, తీర్థం నిన్ననే అయిపోయింది కదా, ఈ ప్రభ ఎక్కడికి?"

రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద ఇసకేస్తే రాలని జనం. కర్ర ఎవరి కంట్లో గుచ్చుకుంటుందోనని పెద్దల్లుడు దాన్ని తల మీదుగా పైకెత్తి నడవడం మొదలుపెట్టాడు. దూరం నుంచి రైల్వే ఉద్యోగి ఒకాయన పరుగున వచ్చాడు. "దించండి! ముందు కిందికి దించండి! పైన తీగలు చూశారా, ఇరవై ఐదు వేల వోల్టులు. రెండు మీటర్ల దగ్గరికి ఏదీ పోకూడదు. అందులోనూ అది కార్బన్, కరెంటు పారుతుంది!" పెద్దల్లుడికి ముచ్చెమటలు పోశాయి. కర్రను అడ్డంగా ఒళ్ళోకి తెచ్చుకున్నాడు. అటు ఒకరి మోకాలికీ, ఇటు ఒకరి పిండివంటల డబ్బాకూ తగిలి, రెండువైపులా మాటలు పడ్డాడు.

బోగీలో సీట్ల కిందంతా సామాన్లే. చిన్నల్లుడు తన రెండడుగుల కర్రను సంచి పట్టీకి కట్టి కొక్కేనికి తగిలించేసి నిద్రపోయాడు. పెద్దల్లుడి కర్రకు పై బెర్తు తప్ప చోటు దొరకలేదు. రాత్రంతా బెర్తు మీద కర్ర చాచుకుని పడుకుంది, మనిషి ముడుచుకుని పడుకున్నాడు.

నీతి: ముడిస్తే ఎంత చిన్నదని మాత్రమే చూసి కొన్నవాడు సంచికి సుఖం కొంటాడు. విప్పడం, ముడవడం నేర్చుకుని కొన్నవాడు తన సుఖం కొనుక్కుంటాడు.

ఏడు ముక్కల కర్ర చెడ్డదేం కాదు. కొండవాగు దగ్గరికి నడిచి వెళ్ళి, తేలికపాటి సీసంతో చిన్న చేపలు పట్టేవాడికి అది చక్కటి తోడు. అయితే పొడవు తగ్గించినకొద్దీ అతుకులు పెరుగుతాయి. ప్రతి అతుకూ జాగ్రత్త అడిగే చోటే. తేలిగ్గా మోయగల వస్తువు చేసినవాడు మన శ్రమను తీసేయలేదు, భుజం మీద నుంచి వేళ్ళ కొసలకు మార్చాడంతే. ఆ సంగతి తెలియనివాడు భుజానికి మిగిలిందే చూసుకుని మురిసిపోతాడు.

రెండో సంగతి పెద్ద చేపది. తప్పు పద్ధతికి ఒకరోజు మంచి ఫలితం రావచ్చు, అందరూ మెచ్చుకోవచ్చు కూడా. ఆ మెప్పే మనిషి చెవులు మూసేస్తుంది. విదిలించి విప్పినందుకు పెద్దల్లుడికి అప్పుడే చేప తప్పిపోయి ఉంటే, సైకిల్ ట్యూబు మాట చెవికెక్కేదేమో. పని ఎంత బాగా జరిగిందన్నది పళ్ళెంలోని ముక్క చెప్పదు. పనిముట్టు మర్నాటికి మళ్ళీ పనికొస్తుందా లేదా అన్నదే చెబుతుంది.

కాబట్టి ముడుచుకునే వస్తువు ఏది కొన్నా, గాలపు కర్ర గానీ, గొడుగు గానీ, మడత మంచం గానీ, దుకాణంలోనే పూర్తిగా విప్పించి, పూర్తిగా ముడిపించి చూడాలి. ఒకసారి అమ్మేవాడి చేత, రెండోసారి మన చేత్తో. మన చేతికి ముడుచుకోని వస్తువు అమ్మేవాడి చేతిలో ఎంత చిన్నదైతే మనకేం లాభం?