స్లాబు దాటిన తీగ

భిలాయిలో ఇల్లు కట్టుకునేవాడు ఇనుము దగ్గర పొదుపు చేయడు. మా నాన్న అసలే చేయలేదు. ఉక్కు కర్మాగారం రైల్ మిల్లులో ఉద్యోగం ముగిసి సెక్టార్ క్వార్టర్ ఖాళీ చేసే రోజు దగ్గరపడ్డప్పుడు రిసాలీలో స్థలం కొని, మేస్త్రి చెప్పినదానికంటే ఒక వరస ఊచలు ఎక్కువే కట్టించి స్లాబు వేయించాడు. "మన ఊరి ఇనుమురా, దీనికి లెక్కేటి?" అన్నాడట. ఇరవై ఏళ్ల వానలు కురిశాయి ఆ స్లాబు మీద. ఒక్క చుక్క కిందికి దిగలేదు. కింది వైఫై పైకి ఎక్కనూ లేదు.

వీధి స్తంభం నుంచి ఫైబర్ దిగిన చోట, కింద హాల్లో ఉండేది ఇంటర్నెట్ పెట్టె. హాల్లో 300 ఎంబీపీఎస్ పరవళ్లు తొక్కేది. మెట్ల మలుపు దగ్గరికొచ్చేసరికి నీరసించేది. డాబా మీద ఉందో లేదో తెలిసేది కాదు. సాయంత్రం డాబా ఎక్కి బొబ్బిలిలో ఉన్న పిన్నితో వీడియోలో మాట్లాడటం అమ్మకు అలవాటు. బొమ్మ నిలిచిపోయినా పిన్ని వింటూనే ఉందనుకుని చెప్పుకుంటూ పోయేది. వడియాలు ఎండిన సంగతి, పక్కింటి పిల్ల పెళ్లి సంగతి, మోకాలి నొప్పి. ఎన్ని కబుర్లు మా స్లాబు దగ్గరే ఆగిపోయాయో.

అలల తప్పు కాదది. 5 గిగాహెర్ట్జ్ వైఫై అల పొడవు 6 సెంటీమీటర్లు. బెత్తెడు కూడా ఉండదు. 2.4 గిగాహెర్ట్జ్‌ది పన్నెండున్నర, జానెడులో సగం పైచిలుకు. ఇంత చిన్న అల తలుపు దాటి, ఇటుక గోడ దాటి, మన చేతిలోని ఫోను దాకా వస్తుంది. 1895లో కలకత్తాలో జగదీశ్‌చంద్ర బోస్ కంటికి కనపడని అలలను గోడల్లోంచి పంపి, అవతల గంట మోగించి చూపించాడు. ఆ రోజు విన్నవాళ్లు ఎంత నివ్వెరపోయి ఉంటారో! ఆ గంట ఇప్పుడు ప్రతి ఇంట్లో, ప్రతి క్షణం మోగుతోంది. కాకపోతే ఏ గోడైనా తన వాటా తీసుకునే వదులుతుంది. కాంక్రీటుకు ఊచల అల్లిక తోడైతే మిగిలేది కొసరే.

ఒకే వైఫైగా కలిసి పనిచేసే మెష్ పెట్టెలు రెండు తెచ్చి, కింద ఒకటి, పైన ఒకటి, ముందు తీగ లేకుండానే పెట్టాను. కొంత నయమనిపించింది, అంతే. పై పెట్టెకు సరుకు అందవలసింది మళ్లీ ఆ స్లాబులోంచే. పైగా అది ఒకే గాలిలో అమ్మ ఫోనుతోనూ మాట్లాడాలి, కింది పెట్టెతోనూ మాట్లాడాలి. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే అదే దారిలో ఉన్న మిగతావాళ్లు నోరు మూసుకుని ఆగాలి.

ఇలా ఆగడమంటే ఏమిటో భిలాయి తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు మనుషులు ఈ ఉక్కు ఊరికి వస్తూనే ఉన్నారు. సెలవులకు వెళ్లాలంటే సమతా ఎక్స్‌ప్రెస్. రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి. నా చిన్నప్పుడు అది సింగిల్ లైను. ఏ అడవి మధ్యనో బండి నిలిచిపోయేది. ఎదురుబండి వచ్చి, పక్కనుంచి వెళ్లిపోయాకే కదిలేది. మా పులిహోర డబ్బా ఎప్పుడూ ఆ క్రాసింగుల్లోనే ఖాళీ అయ్యేది. రెండు పెట్టెల మధ్య తీగ వేయడమంటే డబుల్ లైను వేయడం. దాన్నే వైర్డ్ బ్యాక్‌హాల్ అంటారు.

గోడ పగలగొట్టడానికి నాన్న ఒప్పుకోలేదు. స్లాబు సంగతి ఎత్తడానికి నాకే నోరు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, గోడలో కింద నుంచి పైదాకా పాత కేబుల్ టీవీ పైపు ఉందని. కరెంటు తీగల పైపు వేరు, ఇది వేరు; అలా వేరుగా ఉండటమే మంచిది. ఎలక్ట్రీషియన్ కుర్రాడొచ్చి పాత టీవీ తీగ కొసకు కొత్త క్యాట్ 6 నెట్‌వర్క్ తీగను టేపుతో నున్నగా చుట్టాడు. అమ్మనడిగి మొహానికి రాసుకునే పౌడరు తెచ్చి తీగకు పట్టించాడు. అతను పైనుంచి లాగుతున్నాడు, నేను కిందనుంచి అందిస్తున్నాను. మలుపులో పట్టేసింది. బలవంతం చేయలేదు, జానెడు వెనక్కిచ్చి, చిన్నగా తిప్పి, మళ్లీ లాగాడు. కాసేపటికి పైనుంచి ఛత్తీస్‌గఢీలో కేక: "హో గే భయ్యా!" ఇన్నేళ్లు సీరియళ్లు మోసిన ముసలి తీగ, పోతూ పోతూ కొత్త తీగను చేయి పట్టుకుని పైకి తీసుకొచ్చి దించింది.

తీగ కొనేటప్పుడు ఒక్క మాట. అల్యూమినియానికి రాగి పూత పూసిన రకం చవగ్గా దొరుకుతుంది. కొనకండి. గోడలోకి వెళ్లేది ఇరవై ఏళ్లు ఉండాలి, అసలు రాగే కావాలి.

పై తొడుగు ఒలిచి చూస్తే లోపల నాలుగు జంటలు. నారింజ, పచ్చ, నీలం, గోధుమ. ఒక్కో రంగుకు తోడుగా ఆ రంగు చారల తెల్ల తీగ ఒకటి. జంటలో రెండు తీగలూ పాయల్లా ఒకదాన్నొకటి మెలివేసుకుని ఉంటాయి. ఆ మెలిక బిగువు జంటకో రకం. ఈ ఊహకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. బయటి రొద వచ్చి పడితే మెలివేసిన రెండు తీగల మీదా సమానంగా పడుతుంది. అవతలి చివర వినేది రెండింటి మధ్య తేడాను మాత్రమే. సమానంగా పడ్డది తేడాలో మిగలదు కదా! రొదను అడ్డుకోవడానికి గోడ కట్టలేదు, ఇద్దరినీ పంచుకోనిచ్చి చెరిపేశారు. దీనికంటే అందమైన ఉపాయం నాకు తెలియదు.

ఇంకా ఉంది. గిగాబిట్ వేగంలో ఈ నాలుగు జంటలూ ఒకేసారి పనిచేస్తాయి. ప్రతి జంట మీదా రెండు వైపుల మాటలూ ఒకే క్షణంలో ఎదురెదురుగా నడుస్తాయి. ప్రతి కొసా తాను పలుకుతూనే, వినపడే దాంట్లోంచి తన గొంతును తీసేసి ఎదుటిదాని మాటను పట్టుకుంటుంది. సెకనుకు వంద కోట్ల బిట్లు ఇటు, వంద కోట్లు అటు. డబుల్ లైను అన్నాను గానీ, ఒకే పట్టా మీద ఎదురుబండ్లు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోవడమిది. 1973 మే 22న రాబర్ట్ మెట్‌కాఫ్ తన మెమోలో ఈ తీగబాటకు మూలమైన పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. వెలుగు ప్రయాణించడానికి విశ్వమంతా నిండి ఉందని ఒకప్పుడు నమ్మిన ఈథర్ లేదని అప్పటికే తేలిపోయింది. ఆ పోయిన పేరు తీగలో బతికింది.

ఎనిమిది తీగలనూ వేళ్లతో సాపు చేసి వరసగా పేర్చాను. తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ. కొసలు సమంగా కత్తిరించి కనెక్టర్‌లోకి తోసి క్రింపింగ్ టూలు నొక్కాను. టెస్టర్ పెడితే ఒకటి, రెండు, మూడు వెలిగాయి. నాలుగోది వెలగలేదు. నీలం తీగ లోపలిదాకా వెళ్లలేదు. అలా వదిలేసినా నెట్ వచ్చేది, నూరు ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోయేది. కొస కత్తిరించి మళ్లీ కట్టాను. ఈసారి దీపాలు ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా, కార్తీకంలో గుమ్మం ముందు వెలిగించినట్టు వెలిగాయి.

ఆ సాయంత్రం అమ్మ హాల్లో పిన్నికి ఫోను కలిపి మాట్లాడుతూనే మెట్లెక్కింది. రెండు పెట్టెలకూ పేరొకటే, పాస్‌వర్డూ ఒకటే. ఎక్కడో మలుపులో ఆమె ఫోను కింది పెట్టెను వదిలి పై పెట్టెను అందుకుంది. ఏ మెట్టు మీదో అమ్మకు తెలియదు, పిన్నికి అంతకంటే తెలియదు. డాబా మీద వడియాల చాప చూపించింది. "ఏటే అక్కా, ఇంత తెల్లగా వచ్చాయి!" అంది పిన్ని, ఎక్కడా తెగకుండా.

నాన్న మాత్రం కిందే ఉండిపోయాడు, కత్తిరించి పారేసిన ముక్కల దగ్గర. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలు ఎర్రగా కాగుతూ కళ్ల ముందు నుంచి సాగిపోతుంటే చూసిన మనిషి. ఒక ముక్క తీసి గోటితో తొడుగు ఒలిచాడు. రాగి కొసను కళ్లద్దాలకు దగ్గరగా పెట్టి చూశాడు.

"ఎంత మందమేటి?"

"అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ నాన్నా."

"ఇదే మన స్లాబు దాటింది?"

"ఇదే."

ఇంకేమీ అనలేదు. ఆ ముక్కను చూపుడువేలికి రెండు చుట్లు చుట్టి, విప్పి, జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.